నకిరేకల్లుకు ఎన్ని గడులు?

దినపత్రిక చేతికి రాగానే పాఠకమహాశయుడు మొట్టమొదట సంపాదకీయమునే తెరచి చదువునని ప్రతి పత్రికారచయితయు యౌవనమున నమ్మును. నలువది యేండ్లు దాటిన పిదప ఆ నమ్మకము తలవెండ్రుకలతో పాటు పలుచబడును. మరణవార్తలు, ధరవరలు, రాశిఫలములు, వ్యంగ్యచిత్రము, ఆ తరువాత గడుల పలక. ఇదియే లోకములోని క్రమము. సంపాదకీయమును చదువువారు లేకపోలేదు గాని వారిలో సగముమంది అందు అచ్చుతప్పులను వెదకువారు. ఇట్టి స్థితిలో గడుల పలకను గూర్చియే ఈ పుటలో వ్రాసినచో రెండు పుటల పాఠకులును ఒకచోటికి చేరుదురేమోయను దురాశ మాకు కలిగినది. ఆ దురాశకు కారణమైనది నకిరేకల్లు.

ఇటీవల మేము హైదరాబాదునుండి సూర్యాపేటకు పోవుచు నకిరేకల్లులో తేనీటికొఱకు దిగితిమి. హోటలులో ప్రక్కబల్ల వద్ద ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు పత్రికను నాలుగు మడతలుగా మడచి, గడుల పలకను పైకి పెట్టుకొని, మనుమరాలితో వాదులాడుచుండిరి. ఆధారము కష్టమైనది కాదు. నల్లగొండ జిల్లాలో నిమ్మకాయల మార్కెట్టు గల ఊరు ఏదియని అడిగినారు. ఆ ఊరిలోనే కూర్చుండి ఆ ఊరి పేరును వ్రాయలేక తాత అవస్థపడుచుండెను.

"నకిరేకల్లు అయిదక్షరాలు బిడ్డా, ఈడ నాలుగే గడులున్నయి."

"బోర్డు మీద నకిరేకల్ అనే ఉంటది గద తాతా."

"మరి ఆ పొల్లును యాడ బెడ్తవు?"

"క పక్కకే. చిన్నదే గద, పడ్తది."

పెద్దాయన మా చొక్కాజేబులోని కలమును చూచి, కలమున్నవాడు తీర్పరియు కాగలడని భ్రమించి, "సారూ, మీరు చెప్పుండ్రి" అని మమ్ము మధ్యవర్తులను చేసిరి. మేము గొంతు సవరించుకొంటిమే గాని చప్పున సమాధానము తోచలేదు.

ఏలయన, ఇది పదియేండ్ల బాలిక తెచ్చిన చిన్న చిక్కు కాదు. ఆంగ్లేయుని గడిలో ఒక అక్షరమనగా 26 అక్షరములలో ఒకటి. మన గడిలో అక్షరమనగా అచ్చు, హల్లు, ఒత్తు, సున్న అన్నియు కూడిన ముద్ద. 'స్త్రీ' అను మాటలో సకారము, తకారము, రేఫము, ఈకారము నాలుగును ఒకే గడిలో ఇముడును. హల్లుల గుణింతములు మాత్రమే లెక్కించినను ఇంచుమించు ఐదువందలగును. ఒత్తులను కూడ చేర్చినచో వేలకు పోవును. అందువలన ఆంగ్లమున అడ్డముమాటయు నిలువుమాటయు ఒక అక్షరమును పంచుకొనుట ఎంత సులభమో తెలుగున అంత కష్టము. ఆంగ్లపు పలకలో తెల్లని గడులు విరివిగా నుండి, తెలుగు పలకలో నల్లని గడులు అధికముగా కనబడుటకు ఇదియే కారణము. కూర్పరుల సోమరితనము కాదు. ఇక పొల్లు సంగతి. ఛందస్సున పొల్లు వేరుగా లెక్కకు రాదు. తనకు ముందున్న అక్షరమును గురువుగా చేసి తాను తప్పుకొనును. ఆ న్యాయమున 'నకిరేకల్' నాలుగే. కాని వ్రాతలో అది కంటికి కనబడుచున్నది గనుక దానికి ప్రత్యేకముగా గడి నిచ్చువారును కలరు. అప్పుడు అయిదు. 'నకిరేకల్లు' అని నిండుగా వ్రాసినచో ఏ పక్షమువారికైనను అయిదే.

పెద్దాయన పట్టుదలకు మఱియొక హేతువు కలదు. పేరు చివరి 'కల్లు' ఈతచెట్టునుండి దిగినది కాదు. ఓరుగల్లు పేరులోని కల్లువలె, ఊళ్ల పేర్ల చివర నిలిచిపోయిన పాతమాట. కల్లనగా రాయి. కనుకనే సంస్కృతకవులు ఓరుగల్లును ఏకశిలానగరమనిరి. నేడు తమిళమునను కన్నడమునను రాతికి ఈ మాటయే వాడుక; మనము దానిని ఊళ్ల పేర్లలో దాచుకొని, నిత్యవ్యవహారమున రాయి అనుచున్నాము. పల్నాటి నకరికల్లు కూడ ఈ ఊరికి పేరులో చుట్టమే. ఉర్దూ, ఆంగ్లములు రెండును వచ్చి ఆ కల్లులోని రెండవ లకారమును కొట్టివేసి 'కల్' అనిపించినవి. ఆంగ్లపు పలకలపై మఱియు విచిత్రము: అచ్చట 'నక్రేకల్' అని చదువబడునట్లు వ్రాయుదురు, 'కి' అను అక్షరములోని ఇకారము మాయము. ఒక వైపు పొల్లు, మఱియొక వైపు లోపము. ఊరు ఉన్నచోటనే ఉన్నది, పేరు మాత్రము రెండుచోట్ల చిరిగినది.

గడుల పలకలకు ఈ పేరు మంచి సొమ్ము. మేమే అచ్చటికచ్చట ఒక ఆధారమును కట్టి తాతా మనుమరాళ్లకు వినిపించితిమి: "పూవు కాదు గాని నడుమ రేక గలదు, ఈతవనము కాదు గాని చివర కల్లు గలదు, రేకకును కల్లుకును ఒకే అక్షరము ఉమ్మడి." పెద్దాయన నవ్విరి. బాలిక మాత్రము వ్రేళ్లపై లెక్కించి, సరిపోయినదని నిర్ధారించుకొనిన పిదపనే నవ్వెను. ఆ జాగ్రత్త మాకు నచ్చినది.

ఇట్టి ఆటలు పనిలేనివారి పనియని ఈసడించుట పండితులలో క్రొత్త కాదు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ప్రహేళికను చేర్చెను. దండి తన కావ్యాదర్శమున మూడవ పరిచ్ఛేదమందు పదునారు విధముల ప్రహేళికలను వివరించి, గోష్ఠులలో వినోదమునకును, పదిమంది నడుమ తెలిసినవారితో రహస్యముగా మాటాడుటకును, ఎదుటివారిని తికమకపెట్టుటకును అవి ఉపయోగపడునని చెప్పెను. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున ప్రహేళిక రసమునకు అడ్డు గనుక అలంకారమే కాదని త్రోసివేసెను. మేము దండి పక్షము. పదిమంది నడుమ రహస్యముగా మాటాడవలసిన అక్కఱ ఎట్టిదో నైజాము కాలమున ఉపన్యాసమిచ్చుటకు అనుమతిపత్రము కావలసిన తెలంగాణమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

మఱియు ఈ నల్లగొండ సీమవారు అక్షరక్రీడలను తేలికగా చూచినచో తమ పూర్వులనే తేలిక చేసినవారగుదురు. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన పదునారవ శతాబ్దిలో ఈ ప్రాంతపు మరింగంటివారి కుటుంబమున సింగరాచార్యుడను కవి 'దశరథరాజనందన చరిత్ర' అను నిరోష్ఠ్యకావ్యమును వ్రాసెను. నిరోష్ఠ్యమనగా పెదవులు కలియకుండ చదువదగినది. ప, ఫ, బ, భ, మలు అందు రారాదు. ఈ నియమము ఎంత కఠినమో పాఠకులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. కథ రామునిది, 'రామ' అను పేరులోని రెండవ అక్షరమే నిషిద్ధము. రాముడు లేడు, భరతుడు లేడు, లక్ష్మణుడు లేడు, విభీషణుడు లేడు. కావ్యపు పేరునే చూడుడు: దశరథరాజనందన చరిత్ర. పెదవులను వ్రేలితో పట్టుకొని చదివినను ఒక్క అక్షరమును చెడదు. కథానాయకుని పేరు చెప్పరాదు గనుక తండ్రి పేరు చెప్పి గడుపుకొనెను! సంస్కృతమున దండియే దశకుమారచరితమున ఒక కుమారునిచేత తన కథనంతయు ఓష్ఠ్యములు లేకుండ చెప్పించెను. ప్రియురాలి దంతక్షతముచే పెదవులు నొచ్చుటయే అందులకు కారణమని సరసముగా సమర్థించెను. కాని తెలుగున ఈ పని సంస్కృతమునకంటె కష్టము. మన నామవాచకములలో పెక్కింటికి చివర 'ము' తగిలియుండును. అది పోయినచో చెట్టుకు వేరు పోయినట్లే. ఆ నియమమున సంపాదకీయము వ్రాయవలసివచ్చినచో 'పత్రిక' అనలేము, 'పాఠకులు' అనలేము, తుదకు 'మేము' అనుటకైనను నోరు రాదు. ఆ కవియే అచ్చతెనుగున నిరోష్ఠ్య సీతాకల్యాణమును కూడ రచించెను. 1939లో అమెరికా రచయిత యొకడు ఆంగ్లమున మిక్కిలిగా వాడుకలో నున్న ఒకే ఒక అచ్చును విడిచి నవల వ్రాసెననియు, 1969లో ఫ్రెంచి రచయిత ఝార్ఝ్ పెరెక్ ఆ పనినే తన భాషలో చేసెననియు లోకము ఆశ్చర్యపడినది. ఆశ్చర్యపడవలసినదే. అయితే దేవరకొండ వైపు తలత్రిప్పి చూచినవారెందరు?

మాటను త్రిప్పి చదువు ఆటలో గ్రాంథికభాషకు ఒక లాభము కలదని మాకు చాలకాలముగా అభిప్రాయము. వికటకవి కథ అందఱికిని తెలిసినదే. కాని ముత్యము, ముఖము అను మాటలను వెనుకనుండి చదివి చూడుడు. ముత్యము ముత్యముగనే, ముఖము ముఖముగనే ఉండును. ముత్యం, ముఖం అని వాడుకభాషలో వ్రాసితిరా, ఈ సొగసు పోయినది. వ్యావహారికవాదులు వెంటనే 'నందనం' అని బదులు చెప్పగలరు. దానిని మేము అంగీకరించుచున్నాము. గిడుగువారికిని వారి ప్రతిపక్షులకును నడచిన వాదములో ఈ యుక్తిని ఎవరును వాడినట్లు కానరాదు. బహుశః ఇందువలననే ఆ వాదము అంతకాలము నడచినది.

తాతా మనుమరాళ్లకు మేము ఇచ్చిన రెండవ ప్రశ్న ఇది: "నాలుగక్షరముల మాట. మొదటి అక్షరము తీసినచో విషము. రెండవది తీసినచో దేహమందలి నరము. మూడవది తీసినచో కొండ. ఏదియు తీయనిచో జనులు కిక్కిఱిసి నివసించుచోటు." పెద్దాయన 'నగము'నుండి మొదలుపెట్టి క్షణములో 'నగరము'నకు చేరిరి. బాలిక మాత్రము ఒప్పుకొనలేదు. "న తీస్తే గరం వస్తది. గరం అంటే వేడి, విషం గాదు" అనెను. సంస్కృతమున గరమనగా విషమని మేము చెప్పితిమి. "మరి నాలుగు అక్షరాలంటిరి, నగరం మూడే" అని రెండవ దెబ్బ కొట్టెను. హైదరాబాదు రాజ్యపు ఉర్దూయు, పాఠశాలల వ్యావహారికమును ఏకమై మాపై దండెత్తినట్లయినది.

గడుల పలక పుట్టుక విదేశీయము. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థర్ విన్ అను ఉద్యోగి వజ్రాకారముగా మొదటి పలకను కూర్చెను. 1924లో న్యూయార్కు టైమ్సు పత్రిక ఈ వెఱ్ఱిని పాపపు కాలక్షేపమని నిందించి, పదునెనిమిదేండ్ల పిమ్మట, యుద్ధపు వార్తలతో పాఠకుల మనస్సులు కుంగియున్న 1942లో, తానే పలకను ప్రకటింప మొదలిడెను. సంపాదకులు అభిప్రాయములు మార్చుకొనుటకు పట్టు కాలము సుమారు అంతయే. 1942లోనే లండను డైలీ టెలిగ్రాఫు పండ్రెండు నిమిషములలో పలకను పూరింపుడని పందెము పెట్టగా, నెగ్గినవారిలో కొందఱిని ప్రభుత్వము శత్రువుల రహస్యలిపులను విప్పు బ్లెచ్‌లీ పార్కు కార్యాలయమునకు పిలిపించుకొనెను. 1944 మే నెలలో ఆ పత్రిక పలకలలోనే నార్మండీ దండయాత్రకు సంబంధించిన రహస్యనామములు వరుసగా రాగా, కూర్పరియైన పాఠశాల ప్రధానోపాధ్యాయుని గూఢచారిశాఖవారు ప్రశ్నించిరి. 1984లో ఆయన పూర్వశిష్యుడొకడు అసలు సంగతి చెప్పెను: ప్రక్కనున్న శిబిరములోని సైనికుల నోట విన్న మాటలను పిల్లలే గురువుగారికి అందించిరట.

తెలుగున ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు'ను, శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక'ను నడిపిరి. విప్లవకవియని పేరుపొందినవాడు గడులు గీయుచు కూర్చుండెనేమని కొందఱు నొచ్చుకొనిరి. సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమఋక్కులు అను మూడింటి మొదటి అక్షరములను పేర్చి తన పుస్తకమునకు 'సిప్రాలి' అని పేరు పెట్టినవానికి ఆ పని ఎట్లు తప్పును?

మన అవధానములలో వ్యస్తాక్షరి ఇట్టిదే. పృచ్ఛకుడు ఒక మాటను ముక్కలు చేసి, మూడవది రే, అయిదవది ల్లు, మొదటిది న అని నడుమ నడుమ విసరుచుండును. అవధాని పద్యములు చెప్పుచు, గంటలు లెక్కించుచు, అప్రస్తుతప్రసంగికి నవ్వుచు బదులు చెప్పుచు, తుదకు మాటను కూర్చి అప్పగింపవలెను. కాగితము లేని గడుల పలక అది.

ఇక ఈ వినోదములో చేదు భాగమును కూడ చెప్పవలసియున్నది. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో బహుమతి పలకలు దేశమంతటను చెలరేగినవి. ప్రవేశరుసుము చిన్నది, బహుమతి వేలలోను లక్షలలోను. ఆధారములెట్టివనిన, మేము ఒక ఉదాహరణము కల్పించి చూపుదుము: "ఖాళీ-ల-ము. ఇది చేతనున్నవాడు గెలుచును." బలమని వ్రాయవచ్చును, కలమని వ్రాయవచ్చును, రైతుబిడ్డ హలమని వ్రాయవచ్చును. మూడును సరియే. కాని నిర్వాహకుల కవరులో ముందే ముద్రవేసి దాచినది ఒకటి మాత్రమే. నిఘంటువు చదివినవానికిని, చదువనివానికిని ఒకే అవకాశము. ఇది భాషాజ్ఞానమా, పాచికలాటయా? గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పట్టణపు చిన్న వర్తకులు ఒకే పలకను పదులకొలది నకళ్లు నింపి పంపుచుండిరి. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టమును చేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతిని నిషేధించి, ప్రవేశపత్రములను రెండువేలకు పరిమితము చేసినది. ఆ వ్యాపారముతో ధనవంతులైనవారు, ఇది మా వృత్తిస్వాతంత్ర్యము అని సుప్రీముకోర్టుకు పోయిరి. 1957లో కోర్టు, అదృష్టముపై నడచునది జూదమేగాని వర్తకము కాదనియు, రాజ్యాంగమిచ్చిన స్వాతంత్ర్యము దానికి చెందదనియు తీర్పుచెప్పెను. నైపుణ్యమువలన గెలుచు పోటీకి ఆ చట్టము వర్తింపదనియు స్పష్టపఱచెను. ఆ భేదము మంచిది. కాని జూదము పేరు మార్చుకొని మఱల వచ్చును. ఈ మాఱు చేతిలోని ఫోనులోనికి వచ్చినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము పందెముతో కూడిన ఆన్‌లైను ఆటలను నిషేధింపవలసివచ్చెను. దినపత్రికలో గడులు నింపువాడు పోగొట్టుకొనునది తేనీరు చల్లారునంత కాలము మాత్రమే.

విచిత్రవిషయముల కొఱకు పెద్దాయన దూరదేశములకు పోలేదు. పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమున లింగము వెనుక పగలంతయు కదలక నిలుచు నీడను చిన్నతనమున చూచితిననియు, అది ఏ స్తంభపు నీడయో కనుగొనుటకు తన శిష్యులను ఒక్కొక్క స్తంభము ముందర నిలువబెట్టితిననియు చెప్పిరి. నేరుగా వచ్చు ఎండ కదలుచుండును, దాని నీడయు కదలుచుండును. కాని పరిసరములనుండి చెదరి పలువైపుల లోనికి వచ్చు వెలుగు అట్లు కదలదు, స్తంభముల అమరికచేత దానికి ఏర్పడు నీడయు నిలిచిపోవును. కందూరు చోళుల నాటి శిల్పి ఈ పొడుపుకథను రాతితో వేసెను.

నకిరేకల్లు మండలములోని చందుపట్ల శాసనము ఇంకను పెద్ద చిక్కును విప్పినది. కాకతి రుద్రమదేవి పాలన 1295 వఱకు సాగెనని చరిత్రకారులు చిరకాలము వ్రాసిరి. చందుపట్ల రాయి, శకము 1211, అనగా 1289 నవంబరు నాటిది, రుద్రమదేవికిని సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తికై చేసిన భూదానమును తెలుపుచున్నది. దానము చేసినవాడు మహారాజు కాడు. ఆ నాయకుని సేవకుడు పువ్వుల ముమ్మడి. గొప్ప గొప్ప ప్రశస్తులలో దొరకని గడి ఒక భృత్యుని రాతిలో నిండినది. ఎనిమిది మైళ్లు పోయినచో కనబడు ఈ రాయిని చూడక, క్లియోపాత్రా ఎప్పుడు మరణించెనో కంఠపాఠము చేయుదురని పెద్దాయన ఫిర్యాదు. మైళ్ల లెక్క ఆయనది.

శాసనకవులు ఏండ్లను అంకెలలో గాక మాటలలో దాచు పద్ధతి కూడ ఉండెను. ఒకట్ల స్థానమునుండి మొదలుపెట్టి వెనుకకు చదువవలెను. చంద్రుడనగా ఒకటి, నేత్రములు రెండు, వేదములు నాలుగు, వసువులు ఎనిమిది, గ్రహములు తొమ్మిది. మేము 'వసు వేద గ్రహ చంద్ర' అని చెప్పి, ఆ యేట సెప్టెంబరులో ఈ ఊరివారికి ఏమి జరిగినదని అడిగితిమి. తాత ముఖము వెలిగెను. బాలిక కాగితముపై ఎనిమిది, నాలుగు, తొమ్మిది, ఒకటి అని వ్రాసుకొని, త్రిప్పి, "పందొమ్మిది వందల నలభై ఎనిమిది" అనెను. సంవత్సరము దొరకినది, ఏమి జరిగినదో తాతయే చెప్పవలసివచ్చినది. ఆయన చెప్పునంతసేపు మా తేనీరు మఱల కాచవలసివచ్చెను. అందు తన తండ్రి పటేలు గడికి వెట్టికి పోయిన సంగతియు ఉండెను. గడి అను మాటకు ఆ అర్థమును కలదని బాలిక అప్పుడే తెలిసికొనెను.

బయలుదేరుటకు ముందు మేము గడప వైపు చూపి ఒక పొడుపుకథ వేసితిమి: "గడపకు కట్టిన కావలివాడు, చక్కెరతో కలిసిన చల్లనివాడు, ఉప్పుతో ఊరిన ఏడాదివాడు." నిమ్మకాయల ఊరిలో ఆ ప్రశ్న నిలువలేదు, హోటలు యజమాని గల్లావద్దనుండియే కేకవేసి చెప్పెను.

తగవు మాత్రము మిగిలియుండెను. నాలుగా, అయిదా? అప్పుడు బాలిక నిలువు ఆధారములను చూచి, చివరి గడి మీదుగా దిగు రెండక్షరముల మాటను కనిపెట్టెను. ఆధారము: "స్థానికము, ముంబాయి రైలుబండి." జవాబు 'లోకల్'. పై గడిలో లో, క్రింది గడిలో కల్. కూర్పరి పొల్లును 'క' ప్రక్కనే ఇమిడ్చెనని తేలిపోయినది. ఆంగ్లపు మాట వచ్చి సాక్ష్యమిచ్చినగాని తన ఊరి పేరు గడులలో పట్టలేదని పెద్దాయన చాలసేపు మాటాడలేదు. తరువాత మనుమరాలు చెప్పినట్లే 'కల్' అని వ్రాసి, పలక అంచు దాటి, ప్రక్కనున్న నగల దుకాణపు ప్రకటనమీదికి ఒక అయిదవ గడిని తానే గీసి, అందు 'ల్లు' అని వ్రాసి, పత్రికను మడచి బిడ్డ చేతికి ఇచ్చిరి.